చి. బుజ్జికి, క్యాంపు అడ్రసుకు

నెల్లిమర్ల,
ఆదివారం రాత్రి.

చి. బుజ్జికి అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్నమ్మ మోకాళ్లు మామూలే. మిల్లు తెరుస్తారని ఒకరు, తెరవరని ఒకరు అంటున్నారు. మీ నాన్న మాత్రం రోజూ పొద్దున్నే గేటు దాకా వెళ్లి, అక్కడే టీ తాగి, వార్త ఏమీ లేదన్న వార్త పట్టుకుని వస్తున్నారు. చిన్నోడికి లెక్కల్లో పందొమ్మిది వచ్చాయి. పాతికకి అని వాడంటున్నాడు, యాభైకి అని నా అనుమానం. వానలు ఆలస్యమైనా ఊడుపులు అయిపోయాయి. చంపావతిలో నీళ్లు కనిపిస్తున్నాయి.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అనుకుంటావేమో. ఫోన్ చేస్తూనే ఉన్నాను. రింగవుతుంది, ఎత్తవు. ఎత్తిన రోజు గదిలో మిగతా పిల్లలుంటారు, "ఆ తిన్నాను, ఆ పడుకుంటున్నా" అని పెట్టేస్తావు. మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు. ఎలాగూ పార్సిల్ కడుతున్నాను కదా, అందులో ఓ నాలుగు కాగితాలు పెడదామనిపించింది. అంతకు మించి విశేషమేమీ లేదు.

పార్సిల్‌లో చోడిపిండి ఉంది. వేయించి, ఆడించి, జల్లించాను. ప్రాక్టీసుకి ముందు తాగకు, అయ్యాక తాగు. మజ్జిగలోనే కలుపుకో, అక్కడి పాలు నీకు పడవు. నాన్నమ్మ సున్నుండలు చుట్టింది గానీ నేనే ఆపాను, బరువు 53 కిలోలకి దిగాలన్నావు కదా. ఆవిడకి కోపం వచ్చింది. "బరువులెత్తే పిల్లని తినొద్దంటావేటే, నీకు బుద్ధుందా" అంది. ఆ సున్నుండలు చిన్నోడు తినేస్తున్నాడు. నిమ్మకాయ ఊరగాయ చిన్న సీసాలో పెట్టాను. బరువు చూసే వారం దాన్ని ముట్టుకోకు, ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. మోకాళ్ల పట్టీలు కొత్తవి పెట్టాను, పాతవి పారెయ్, అవి వాసనొస్తుంటాయి, నాకు తెలుసు.

ఇంతకీ ఇప్పుడెంత ఉన్నావు? పోయినసారి 55.6 అన్నావు. 55 కేటగిరీ ఉన్నన్నాళ్లూ నీకు బెంగ లేదు. 2025 జూన్ నుంచి దాన్ని ఎత్తేసి 48, 53, 58 అని పెట్టేసరికి నీలాంటి వాళ్లంతా అటూ ఇటూ కాకుండా పోయారు. పోటీకి రెండు గంటల ముందు తూకం మొదలవుతుంది. ఆ వేళకి 53 లోపు ఉండాలి, మళ్లీ రెండు గంటల్లో బార్ ఎత్తే సత్తువా ఉండాలి. తిండి తగ్గించి నెలల మీద దిగితే భయం లేదు. మరి అక్కడ ఎలా దింపుతున్నారు? అన్నం మానిపించారా? ప్లాస్టిక్ జాకెట్లు వేసి పరుగెత్తిస్తున్నారా? ఊరికే అడుగుతున్నాను.

53 అనగానే నాకు కొండవెలగాడ గుర్తొస్తుంది. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలప్పుడు నువ్వు చిన్నదానివి. మన కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి ఎత్తింది ఈ 53 కిలోల్లోనే. మొత్తం 188 కిలోలెత్తి మూడో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం నైజీరియా పిల్ల చికా అమలాహాది, 196 కిలోలు. ఆ పిల్లకి పదహారేళ్లు. అంత చిన్నపిల్ల అంత బరువెత్తిందని నేను స్టాఫ్ రూంలో అందరికీ గొప్పగా చెప్పాను. తర్వాత పరీక్షలో దొరికిందని పేపర్లో వచ్చింది. అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ అని రెండు మందులు. ఒంట్లోంచి నీరు తీసేసే మందులవి. బరువు దిగడానికీ వాడతారు, వేరే మందుల జాడ మూత్రంలో పలచబడి పట్టుబడకుండా ఉండటానికీ వాడతారు. అందుకే వాటిమీద నిషేధం. బంగారు పతకం వెనక్కి తీసుకుని రెండేళ్లు ఆడకూడదన్నారు. పపువా న్యూగినీ లిఫ్టర్ డికా టోవాకి బంగారం, మన సంతోషికి వెండి, నాలుగో స్థానంలో ఉన్న స్వాతి సింగ్‌కి కాంస్యం ఇచ్చారు.

మన జిల్లాకి వెండి వచ్చిందని నేనూ సంబరపడ్డాను. సంతోషి పోడియం మీద నిలబడ్డ రోజున మెళ్లో పడింది మాత్రం కాంస్యమే కదా. రెండో మెట్టు మీద నిలబడే ఆ కాసేపు ఎవరూ తిరిగివ్వలేకపోయారు. ఆ సంగతి ఒకెత్తు. నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఆ పదహారేళ్ల పిల్ల. నా టెన్త్ క్లాసు పిల్లల వయసు. అలాంటి పిల్ల తనంతట తను మందుల షాపుకి వెళ్లి హైడ్రోక్లోరోథయజైడ్ ఇవ్వండి అని అడిగి కొనుక్కుందంటే నాకైతే నమ్మబుద్ధి కాదు. ఎవరో పెద్దవాళ్లు చేతిలో పెట్టి మింగమని ఉంటారని నాకనిపిస్తుంది. అయినా శిక్ష పడింది పిల్లకే. పేపర్లో ఫొటో పడింది పిల్లదే.

ఆ పేరు చదివిన రోజున నాన్నమ్మ బీపీ మాత్రల అట్ట తీసి చూశాను. వెనకాల అదే పేరు. మన ఇంట్లో, ఫ్రిజ్ మీద డబ్బాలో, ఆవిడ రోజూ పొద్దున్న కాఫీ అయ్యాక వేసుకునే మాత్ర. ఆవిడకది మందే. నీకు మాత్రం కాదు. చూస్తే చిన్నదిగా, తెల్లగా, అమాయకంగా ఉంటుంది.

సరే, మాటల్లో వచ్చింది. బడి సంగతులు చెబుతాను.

జోన్ సెలెక్షన్లు అయ్యాయి. అమ్మాయిల కబడ్డీలో మనవాళ్లు నలుగురు ఎంపికయ్యారు. వాలీబాల్ నెట్ చిరిగిపోయిందని ఎన్నిసార్లు రాసినా పై నుంచి ఉలుకూ పలుకూ లేదు, మీ నాన్నే ఇంట్లో ఖాళీగా ఉన్నారు కదాని కూర్చుని నైలాన్ తాడుతో అల్లి పెట్టారు. మొన్న ఒకాయన వచ్చాడు, కొడుకుని అండర్-14లో ఆడించాలని. పుట్టిన తేదీ మార్పించి కొత్త కాగితం తెచ్చాడు. పిల్లాడు బయట వేపచెట్టు కింద నిలబడ్డాడు, బుగ్గమీద బ్లేడు గాటు, ఆ పొద్దునే గడ్డం గీసుకున్నాడు. ఆయన్ని తిట్టబుద్ధి కాలేదు. మన రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా 2 నుంచి 3 శాతం చేశారు, ఒక్క సర్టిఫికెట్ ఉంటే ఎప్పుడో ఏదో ఉద్యోగం రాకపోతుందా అని ఆయన ఆశ. నేను ఒక్కటే అడిగాను, "నిజంగా పదమూడేళ్లున్న వాడు ఒకడు నా దగ్గర ఏడాదిగా ప్రాక్టీసు చేస్తున్నాడండి, వాడికి మీరే వచ్చి చెబుతారా?" అని. టీ తాగకుండా వెళ్లిపోయాడు. హెడ్మాస్టరు గారు నావైపు అదోలా చూశారు. ఆ పెద్దమనిషి స్కూల్ కమిటీలో ఎవరికో బావమరిదట.

పిల్లల్ని టౌనుకి విజ్జీ స్టేడియానికి తీసుకెళ్తే, విజ్జీ అంటే ఎవరు మేడమ్ అని అడిగింది ఒక గుంట. ఏం చెప్పను? మన విజయనగరం మహారాజకుమారుడే, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన మన క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఆట వల్ల వచ్చిన కెప్టెన్సీ కాదు, పలుకుబడి వల్ల వచ్చింది. మాంచెస్టర్ టెస్టులో తన జట్టులోని విజయ్ మర్చంట్‌నే రనౌట్ చేయించమని, అతనితో కలిసి బ్యాటింగ్‌కి దిగే ముస్తాక్ అలీకి బంగారు గడియారం ఆశ పెట్టాడని క్రికెట్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ముస్తాక్ అలీ ఆ మాట తిన్నగా తీసుకెళ్లి మర్చంట్‌కే చెప్పేశాడట. ఇద్దరూ నవ్వుకున్నారు, మొదటి వికెట్‌కి 203 పరుగులు కొట్టారు. పిల్లలకి గడియారం సంగతి నచ్చింది. నాకు మాత్రం అతను వెళ్లి చెప్పడం నచ్చింది. కెప్టెన్, పైగా రాజుగారి బిడ్డ, చెవిలో వేసిన మాట అది. మనసులో పెట్టుకుని నలగలేదు, చెప్పాల్సిన మనిషికి చెప్పేశాడు.

చెప్పడం అంటే చిట్టి పిన్ని గుర్తొచ్చింది. ఈ కథ నీకు సగమే తెలుసు, వంటింట్లో పసుపు గిన్నె సగం. మిగతా సగం అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఎవరం ఎత్తలేదు.

అప్పుడు నాకూ పిన్నికీ రెండేళ్లే తేడా, ఇద్దరం ఒకే జట్టు. ముక్కనుమ నాడు గరివిడి అవతల ఒక ఊళ్లో ఆడవాళ్ల కబడ్డీ పోటీలు పెట్టారు. ఆ రోజుల్లో ఆడపిల్లలు కబడ్డీ ఆడతారంటే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ట్రాక్టర్లలో వచ్చేవారు, ఆట చూడటానికి కొందరు, ఊరికే ఈలలు వెయ్యడానికి కొందరు. వెదురుబొంగులకి ట్యూబులైట్లు కట్టారు. ఇసక పోసి సున్నంతో గీతలు గీశారు. అప్పటిదాకా పంజాబీ డ్రస్సు మీద చున్నీ నడుముకి బిగించి ఆడేవాళ్లం, ఆ ఏడాదే ట్రాక్ ప్యాంట్లు వేసుకున్నాం. దానికి అమ్మమ్మ చేసిన గొడవ రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి. గెలిచిన జట్టులో ఒక్కొక్కరికి ఒక స్టీలు బిందె. అమ్మమ్మ అందుకే పంపింది, నిజం చెప్పాలంటే. ఇద్దరు కూతుళ్లు, రెండు బిందెలు.

ఫైనల్‌కి వచ్చేశాం. పిన్ని కుడి కార్నర్. దాని చేతికి మడమ దొరికిందంటే కూతకొచ్చిన పిల్ల గీత దాటేది కాదు. చివరికి మేం ఒక్క పాయింటు ముందున్నాం, టైము అయిపోవస్తోంది, అవతలి జట్టు ఆఖరి కూత. పొడుగుపాటి పిల్ల వచ్చింది. గుక్క తిప్పుకోకుండా కూత పెడుతూ బాల్క్ లైన్ దాటింది, అటు ఉరికింది, ఇటు ఉరికింది, కాలు చాపింది. పిన్ని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ పిల్ల ఉత్త చేతులతో వెనక్కెళ్లిపోయింది. అంపైర్ పాయింటు లేదన్నాడు, విజిల్ వేశాడు. మనవాళ్లు కోర్టులోకి దూకేశారు, డప్పులు మొదలయ్యాయి, మా కెప్టెన్ని ఎవరో భుజాల మీదికి ఎత్తేశారు.

పిన్ని మాత్రం ఉన్నచోటే చెయ్యెత్తి నిలబడింది. "తగిలింది సార్" అంది.

అంపైర్‌కి మొదట వినపడలేదు. మళ్లీ అంది. "ఎక్కడ?" అన్నాడాయన. చిటికెన వేలు చూపించింది. తమాషా ఏంటంటే ఆ కూతకొచ్చిన పిల్లకే తెలియదు. పిలిచి అడిగితే "నాకేమీ తగిలినట్టు లేదండి" అంది. అంపైర్‌కి కోపం వచ్చింది. నేను విజిల్ వేశాక నువ్వెవరివి చెప్పడానికి అని పిన్ని మీద అరిచాడు. పిన్ని దించిన చెయ్యి మళ్లీ ఎత్తింది. స్కోరర్లు, ఊరి పెద్దలు, అవతలి జట్టు మేనేజరు, అందరూ చేరి చాలాసేపు వాదించుకున్నారు. చివరికి పాయింటు ఇచ్చేశారు. టై అయింది. అదనపు సమయం ఆడించారు. ఓడిపోయాం. బిందెలు వాళ్లకి, మాకు తలా ఒక గిన్నె.

వ్యాన్‌లో వచ్చేటప్పుడు ఒక్కరూ మాట్లాడలేదు. వ్యాను ఖర్చు పెట్టుకున్న రైసు మిల్లు ఆయన మర్నాడు ఇంటికి వచ్చి, గెలుస్తారంటే ఇచ్చాను గానీ ఇలా చేతులారా పోగొట్టుకోవడానికా అని, అద్దె డబ్బులు అడిగి పట్టుకెళ్లాడు. అమ్మమ్మ పిన్ని వైపు చూసి, "వేలు నీదే, తగిలితే తగిలింది, నోరెందుకు విప్పావే" అంది. అక్కడితో అయిపోలేదు. ఆ మ్యాచ్ చూడటానికి జిల్లా జట్టు ఎంపిక చేసేవాళ్లు వచ్చారు. ఆడినవాళ్లలో బాగా ఆడింది పిన్నే, ఆ సంగతి గుడ్డివాడికైనా తెలుస్తుంది. వాళ్లలో ఒకాయన, "ఆ పిల్లకి గెలవాలన్న కసి లేదు" అన్నాడట. పిన్నిని వదిలేసి నన్ను తీసుకున్నారు.

ఆ జిల్లా సర్టిఫికెట్‌తోనే నాకు డ్రిల్లు టీచరు చదువు, బి.పి.ఇడి.లో సీటు వచ్చింది. దాంతోనే ఉద్యోగం. నీ లిఫ్టింగ్ షూస్, నీ బెల్టు, నీ రైలు టిక్కెట్లు అన్నీ అందులోంచి వచ్చినవే. పిన్ని టిఫిన్ బండి పెట్టుకుంది, నీకు తెలిసిందే. ఎందుకు చెప్పావే అని ఎన్నోసార్లు అడిగాను. "తగిలింది కదే" అంటుంది. అంతకంటే ఇంకో మాట రాదు దాని నోట్లోంచి. పెద్ద త్యాగం చేసినట్టు ఎప్పుడూ అనుకోలేదు. బిందె పోయిందన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది దానికి, ఈ మధ్య కొన్న బిందె చూపించి "అప్పటి స్టీలు ఎంత మందంగా ఉండేదో" అంది.

ఇప్పుడు టీవీ కబడ్డీలో చూస్తావు కదా, తగిలినవాడు తగల్లేదని చేతులు ఊపుతాడు, రివ్యూలో పెద్దది చేసి చూపిస్తే లేచి బెంచీకి పోతాడు. ఎవరూ సిగ్గుపడరు. అంపైర్ చెప్పేదాకా కదలకండి అని నా పిల్లలకి నేనే నేర్పుతాను, అది వృత్తి. పిన్ని చేసింది అందరూ చెయ్యాలని కూడా నేను అనను. కాకపోతే వేలికి తగిలిందో లేదో ఆ వేలున్న మనిషికే తెలుస్తుంది. నీ లిఫ్టింగ్‌లో నయం, మోచెయ్యి ఆడితే ముగ్గురు రిఫరీలు చూస్తారు, ఎర్ర లైటు వేస్తారు. తూకానికి ముందు నువ్వేం మింగావో చూడటానికి మాత్రం అక్కడ రిఫరీ ఉండడు.

ఇంత దూరం వచ్చాను కాబట్టి చెప్పేస్తాను. సీతక్క వాళ్ల తమ్ముడు సెలవు మీద వచ్చాడు. మీ క్యాంపు పక్కనే వాడి యూనిట్టట. బరువు దిగాల్సిన అమ్మాయిలకి ఎవరో ఒకాయన పొడి, మాత్రలు ఇస్తున్నాడని అక్కడ అందరూ అనుకుంటున్నారట. డాక్టరు కాదట, కోచ్ కూడా కాదట, పాత లిఫ్టరట. నిషేధించిన మందులు వాడారేమోనని పరీక్షించే నాడా వాళ్లు వస్తున్నారని తెలిసిన రోజున ఇద్దరు పిల్లలు జ్వరమని గదిలోంచి బయటికి రాలేదట. అన్నీ "ట"లే, నాకూ తెలుసు. నీ పేరు చెప్పలేదు. అడిగాను, చెప్పలేదు. మీ నాన్నకి నేను చెప్పలేదు, నాన్నమ్మకి అసలే చెప్పలేదు.

నిన్ను అనుమానించి రాయడం లేదు బుజ్జీ. టీచర్ని కదా, చెప్పిందే చెబుతాను, ఓపిగ్గా చదువు.

ఒంట్లో దొరికితే అది నీదే. ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు, నీకు తెలుసా తెలియదా అన్నది తర్వాతి మాట. 2010 ఆసియా క్రీడల్లో 4x400 రిలేలో బంగారం తెచ్చిన నలుగురు అమ్మాయిల్లో ముగ్గురు మరుసటి ఏడాది స్టెరాయిడ్లతో పట్టుబడ్డారు. విదేశీ కోచ్ ఇచ్చిన జిన్సెంగ్‌లో ఉందన్నారు, మాకేమీ తెలియదన్నారు. కోచ్‌ని పంపించేశారు. అయినా ఆ పిల్లలకి మొదట ఏడాది వేసిన నిషేధాన్ని అప్పీలులో రెండేళ్లు చేశారు. వేరుముక్కల పొడి, ఆకుపసరు, నాటు మందు అన్నంత మాత్రాన మంచిదైపోదు. జలుబు మాత్రలతో కూడా జాగ్రత్త, సూడోఎఫెడ్రిన్ ఉంటుంది కొన్నిటిలో, పోటీ రోజున మోతాదు మించితే అదీ పట్టుకుంటుంది. నాడా వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో మందు పేరు కొట్టి చూసుకోవచ్చు. పేరు లేని మందు మాత్రం ఏ యాప్‌లోనూ దొరకదు. పేరు చెప్పకుండా పొట్లంలో ఇచ్చిన దేన్నీ నోట్లో వేసుకోకు.

వాళ్లు వచ్చినప్పుడు దాక్కోవడం ఇంకా తెలివితక్కువ పని. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీల సంగతి చదివే ఉంటావు. స్టేడియం బాత్రూముల్లో సిరంజిలు పడి ఉన్న వీడియో బయటికొచ్చింది. నాడా వాళ్లు వచ్చేసరికి సగానికి సగం మంది మాయమైపోయారు. మగవాళ్ల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. స్టీపుల్‌చేజ్‌లో ఒక పిల్ల గీత దాటాక కూడా ఆగకుండా పరుగెడుతూనే ఉంది, శాంపిల్ తీసుకునేవాళ్లు వెనకాల పరుగెత్తారు. చదివినప్పుడు నవ్వొచ్చింది. రాత్రి పడుకున్నాక నిద్ర రాలేదు. శాంపిల్ ఇవ్వకుండా తప్పించుకోవడం కూడా పట్టుబడటంతో సమానమే, నాలుగేళ్లు పడొచ్చు. నాలుగేళ్లంటే నీకు ఇరవై మూడు.

నీ దగ్గరికి వస్తే భయపడకు. ఆడ ఆఫీసరే తోడు వస్తుంది, ఎదురుగా నిలబడుతుంది, సిగ్గేసినా తప్పదు. కిట్టు నువ్వే ఎంచుకో, సీలు చూసుకో. 90 మిల్లీలీటర్లు కావాలి. గాబరాపడి నీళ్లు తాగెయ్యకు, పలచగా ఉంటే మళ్లీ ఇవ్వమంటారు, అర్ధరాత్రి దాకా కూర్చోబెడతారు. ఎ, బి సీసాల్లో నువ్వే పొయ్యి, మూతలు నువ్వే బిగించు. గడిచిన వారం రోజుల్లో వేసుకున్నవన్నీ ఫారంలో రాయమంటారు, నెలసరి నొప్పికి వేసుకునే మాత్రతో సహా అన్నీ రాయి. నీ కాపీ పారేయకు. నీ సంగతి నాకు తెలుసు, హాల్ టికెట్టే పారేశావు.

ఒకవేళ ఇప్పటికే ఏదైనా వేసుకుని ఉంటే, ఒకవేళే అంటున్నాను, ఇవాళే ఆపెయ్. క్యాంపు డాక్టరు దగ్గరికి నువ్వే వెళ్లి చెప్పు, నాకూ చెప్పు. నేను అరుస్తానని దాచకు. అరుస్తాను, అది వేరే సంగతి, అరిచి రాత్రి రైలెక్కి వస్తాను. కేసు దాకా వెళ్లినా మొదట్లోనే ఒప్పుకుంటే నాలుగేళ్లలో ఏడాది తగ్గించే నిబంధన కూడా ఉంది. అంత దూరం పోదనే అనుకుంటున్నాను.

నాకు అర్థం కానిది ఒకటే, 53కే ఎందుకు దిగాలి? 58కి ఎక్కితే? 58లో పోటీ ఎక్కువ, ఈ ఏడాది టీంలో చోటు దొరకదు అంటావు. దొరక్కపోతే వచ్చే ఏడాది. కరణం మల్లీశ్వరి 1994, 1995లో ప్రపంచ ఛాంపియన్ అయింది 54 కిలోల్లో. సిడ్నీలో 2000లో పతకం తెచ్చింది 69లో. మధ్యలో లావెక్కిపోయింది, పనైపోయిందని వెక్కిరించినవాళ్లు ఎంతమందో. మా హాస్టల్లో ఒకటే టీవీ, మేమంతా నేల మీద కూర్చుని చూశాం. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130. చివరిసారి బంగారం కోసం 137.5 పెట్టించుకుని ఎత్తలేక పడేసింది. ఊసవానిపేట అమ్మాయి, మన పక్క జిల్లా, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆ పడేసిన 137.5 గురించి ఎవరైనా తక్కువగా మాట్లాడగా విన్నావా?

వినేశ్ ఫోగట్ సంగతీ చూడు. కుస్తీలో 53 ఆడే మనిషి పారిస్‌లో 50కి దిగాల్సి వచ్చింది. ఒలింపిక్ ఫైనల్‌కి వెళ్లింది. ఆ పొద్దున్న తూకంలో వంద గ్రాములు ఎక్కువ. రాత్రంతా చెమటోడ్చింది, జుట్టు కత్తిరించుకుంది, అయినా దిగలేదు, పతకం లేకుండా పంపించేశారు. దేశమంతా ఏడ్చింది ఆ రోజు. ఎవరూ ఆమెను దొంగ అనలేదు. నువ్వు 300 గ్రాములు ఎక్కువ తూగి ఇంటికి వచ్చేస్తే నేను స్టేషన్‌కి వచ్చి తీసుకెళ్తాను, నాన్నమ్మ సున్నుండలు చుడుతుంది, మీ నాన్న గేటు దగ్గర టీ తాగుతూ అందరికీ చెప్పుకుంటారు మా అమ్మాయి నేషనల్ క్యాంపు నుంచి వచ్చిందని. వచ్చిన దారినే తిరిగొస్తే నష్టం ఏముంది?

డబ్బుల గురించి ఆలోచిస్తున్నావేమో. చిట్‌ఫండ్ వచ్చే నెల నా వంతు. మిల్లు తెరవకపోయినా గడుస్తుంది. మీ నాన్న ఆ ఫెడరేషన్ ట్రాక్ సూట్ ఫొటో పర్సులో పెట్టుకుని తిరుగుతున్నారని నేను చెబితే నీ మీద భారం పడుతుందేమోనని ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడూ భారం పెట్టడానికి చెప్పడం లేదు. ఆయన ట్రాక్ సూట్ లేని ఫొటో కూడా పెట్టుకుంటారు, మూడో క్లాసులో పళ్లూడిపోయినప్పటిది కూడా ఉంది అందులో.

చలి మొదలవుతుంది అక్కడ. స్నానం చేశాక జుట్టు తడిగా పెట్టుకుని గ్రౌండ్‌కి పోకు. మంచం కిటికీ పక్కన ఉంటే ఆ గోవా పిల్లతో మార్చుకో, దానికి గాలి కావాలంటుందన్నావు కదా. అరచేతులు పగిలితే మెగ్నీషియం పొడి అలాగే రుద్దకు, రాత్రి కొబ్బరినూనె రాసి సాక్సు తొడుక్కుని పడుకో, నవ్వితే నవ్వనీ.

వచ్చే శనివారం రాత్రి ఫోన్ చేస్తాను, ఎనిమిదింటికి. గదిలోంచి బయటికి వచ్చి మాట్లాడు. ఈలోగా నువ్వు వాడుతున్న ప్రొటీన్ డబ్బా ముందూ వెనకా రెండు ఫొటోలు తీసి పంపు, బ్యాచ్ నంబరు కనిపించేలా. అయిపోయినా డబ్బా పారెయ్యకు, అడుగున చారెడు పొడి ఉంచి, టేపు వేసి పెట్టెలో పెట్టుకో, రేపు ఎవరైనా అడిగితే పరీక్ష చేయించుకోవడానికి పనికొస్తుంది. వేరే ఏం ఇచ్చినా అట్ట మీద పేరు ఫొటో తియ్యి. అట్ట లేకపోతే ఆ ఇచ్చినాయన పేరు రాయి.

ఇట్లు,
అమ్మ

తా.క. చోడిపిండి డబ్బాలో అడుగున ప్లాస్టిక్ కవర్లో డబ్బులు పెట్టాను, పిండితో పాటు కలిపేసుకోకు. బూట్ల సైజు 5 చాలుతోందా, 6 కావాలా? చిట్టి పిన్ని విజయనగరం వెళ్తోంది, బేరం బాగా ఆడుతుంది, అక్కడే కొనిస్తానంది. ఫోన్ ఎత్తకపోతే ఈ ఒక్కటైనా మెసేజ్ పెట్టు.